దింపు ఆలస్యానికి సంజాయిషీ

మీ తోట దింపు పన్నెండు రోజులు వెనకబడింది, నిజవేనండి.
ముదిరిన కాయలు వాటంతటవే రాలి
సూరమ్మ గారి పెంకులు రెండుచోట్ల పగలగొట్టేయి, అదీ నిజవే.
చెట్టెక్కేవోడికి కాళ్లూ చేతులూ చాలనుకుంటారు గానీ
ముందు పైకి చూసే మెడుండాలండి.

ఆ మంగళారం లేచేసరికి
తల నాది కాదు,
ఎవరిదో తెచ్చి మేకు కొట్టి బిగించినట్టుంది.
మా నీలవేణి తలగడ తీసి ఎండలో పడేసింది.
వాళ్లన్నయ్య ఎదురుకాళ్లతో పుట్టేడని
నా మెడ తన్నించడానికి కబురెట్టింది.
ఆయనొచ్చేలోపు ఉమ్మి మింగేను.
మింగేనంటే మాటవరసకి.
గొంతులో కొబ్బరిపీచు అడ్డంపడి
రెండో కొస ఎవరో పట్టి లాగినట్టు.
కాఫీ చల్లారిపోయింది,
దాన్ని చూస్తా కూర్చున్నాను.

మెడకీ మింగుడుకీ ఏం సమ్మంధం?
ఊళ్లో ఎవర్నడిగినా రెండు రోగాలన్నారు, రెండు కట్లు మందులిచ్చేరు.
అమలాపురంలో రెహానా డాక్టరు గారు మాత్రం
"రెండూ కలిపి మొదట్నించీ చెప్పు" అన్నారు.
అలా అడగడవే, ఆయ్, సగం వైద్యం.

నోట్లో లైటేసి చూస్తే గొంతు మామూలుగానే ఉందంట.
పక్కనించి ఎక్సురే తీసేరు.
ఎన్నుపూసల ముందర గీతలా ఉండాల్సిన నీడ
వరదకి నానిన మట్టిగోడలా ఉబ్బింది.
"చీమైతే ఈ రాత్రే కొయ్యాలి,
ఆగితే ఊపిరికడ్డం" అన్నాడు గొంతు డాక్టరు.
నీలవేణి మెళ్లో గొలుసు తడుముకుంది.
తాకట్టుకి ఎంతొస్తదో లెక్కేస్తందని
అటు తిరక్కుండానే తెలిసింది నాకు.

రెహానా గారు జ్వరం చూసేరు, ఒళ్లు వెచ్చన, అంతే.
రక్తం చూసేరు.
ముందు స్కానింగు, తరవాతే కత్తి, అన్నారు.
ఆ గుండ్రటి మిషన్లో తల పెట్టించి
"కదలకు, మింగకు" అన్నాడు మోజెస్ అనే కుర్రాడు.
మింగొద్దంటే, అదేంటో, నోరు ఆగకుండా ఊరుద్దండి.

తెరమీద చూపించేరు.
పైనించి రెండో పూసకి కొంచెం ముందర
నూకంత తెలుపు.
"ఇది సున్నం. తలని వంచే కండరం కొసలో పేరుకుంది.
చుట్టూ ఉన్నది నీరు, చీము కాదు.
చీమైతే చుట్టూ గట్టు కట్టుకుంటుంది,
దీనికి గట్టు లేదు."
ఏటి పక్కన పుట్టినోణ్ణి, గట్టంటే అర్థవైపోయింది.

మా అమ్మ గుల్లలు కాల్చి సున్నం అమ్మేదండీ,
ఆకులో నేనూ తెగ తిన్నాను, అదేనా? అన్నాను.
నవ్వేరు.
"దానికీ దీనికీ సంబంధం లేదు.
ఎందుకు చేరుతుందో మాకూ సరిగ్గా తెలీదు."
డాక్టరు తెలీదన్నాకే
నాకెందుకో ధైర్యం వచ్చింది.

కత్తి లేదు. వాపు తగ్గే బిళ్లలు, అన్నం తిన్నాకే.
కడుపు మండకుండా ఇంకోటి. మెడకి మెత్తటి పట్టా.
తన్నేవాళ్లు దగ్గరికి రాకూడదని గట్టిగా చెప్పేరు.
"ఆ గింజ కరుగుతోంది నూకరాజూ.
కరిగేటప్పుడే ఈ గోలంతా."

మూడోనాటికి గంజి దిగింది.
ఐదోనాటికి బొమ్మిడాయిల పులుసు, ముళ్లు తీసి పెట్టిందనుకోండి.
వాకిట్లో కుర్చీ వేసుకుని
రోజుకి కాస్త పైకి చూసుకున్నాను మా చెట్టుని.
ముందు మొదట్లో చీమలబారు,
తరవాత నేను నరికిన మెట్లు,
తరవాత ఉడత,
తరవాత ఎండుమట్ట.
నిన్న మొవ్వు కనపడింది.
కళ్లు చెమర్చినయ్యంటే ఎండకే అనుకోండి.

పెంకుల డబ్బు నా కూలిలో పట్టుకోండి.
ఇంకోమాట.
వస్తా వస్తా మీ తోట చూసేను,
మూడో వరసలో ఏడో చెట్టుకి మొవ్వు వాలింది.
కుళ్లేనని మీవాళ్లు గొడ్డలి నూరుతున్నారు.
ఆగమనండి.
కొమ్ముపురుగే కావచ్చు.
పొద్దున్నే వచ్చి, ఎక్కి చూస్తాను.